తల్లి లేని పిల్లికూనలు

ఎదురు వచ్చిన పిల్లిని అపశకున మందుము. గాదెలో ఎలుకలు చేరినప్పుడు దానినే వెదకుదుము. మన కృష్ణా మండలమున ధాన్య మున్నచోట పిల్లియు నుండును. అటకమీదనో, గడ్డివాములోనో అది కూనలను పెట్టును. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ అజిత్ సింగ్ నగర్‌ను ముంచినట్టి విపత్తులలో తల్లులును పిల్లలును వేరగుట సహజము. అట్టి కూన మన వాకిట అరచినప్పుడు ఏమి చేయవలెను?

మొదట తొందరపడరాదు. తల్లి ఆహారమునకై పోయి యుండవచ్చును. కూనలు వెచ్చగా, పొడిగా నిద్రించుచున్నచో కొన్ని గంటలు దూరమునుండి కనిపెట్టి చూడుడు. తడిసి, చల్లబడి, ఎడతెగక అరచుచున్నచో వెంటనే లోనికి తెచ్చుకొనుడు.

పాలకంటె వెచ్చదనము ముందు. అప్పుడే పుట్టిన కూన తూకము ఇంచుమించు 100 గ్రాములు. తన యొడలి వేడిని తాను నిలుపుకొనజాలదు. చల్లబడిన కూనకు పాలు పట్టినచో జీర్ణము కావు, ప్రాణమునకే ముప్పు. అట్టపెట్టెలో పాత నూలుచీర పరచి, వేడినీటి సీసాను గుడ్డలో చుట్టి ఒక ప్రక్క నుంచుడు. వేడి హెచ్చినచో కూన తొలగుటకు రెండవ ప్రక్క ఖాళీగా ఉండవలెను.

ఆవుపాలు దానికి తగవు. పిల్లిపాలలో మాంసకృత్తులు వానికంటె చాల హెచ్చు. ఆవుపాలు త్రాగిన కూనకు తరచుగా విరేచనములు పట్టును. పిల్లికూనలకై ప్రత్యేకముగా చేసిన పాలపొడిని తెచ్చి, గోరువెచ్చగా కలిపి, సూది లేని సిరంజితో చుక్కచుక్కగా పట్టవలెను. మొదటి వారము రేయింబవళ్లు రెండు మూడు గంటల కొకమారు పట్టవలెను. చంటిబిడ్డను వలె వెల్లకిల పరుండబెట్టరాదు. పాలు ఊపిరితిత్తులలోనికి పోవును. బోర్లా ఉంచియే పట్టుడు.

పాలు త్రాగిన పిదప గోరువెచ్చని నీట తడిపిన దూదితో తోక క్రింద మెల్లగా అద్దినగాని కూన మలమూత్రములను విడువజాలదు. తల్లి నాలుకతో చేయు పని యిదియే. మూడు వారములవరకు దీనిని మానరాదు.

దినమునకు సుమారు 10 గ్రాముల చొప్పున తూకము పెరుగుట శుభలక్షణము. పెరగకున్నను, పాలు త్రాగకున్నను ఆలస్యము చేయక పశువైద్యునికి చూపుడు; మన ప్రాంతమున గన్నవరములో పశువైద్య కళాశాలయే కలదు.

ఇంత చేసినను కొన్ని కూనలు దక్కవు. అది పెంచిన యామె తప్పు కాదు. రాత్రి మేల్కొనుటయు ఇల్లాలి యొక్కతె భారము కారాదు. భర్తయు, ఎదిగిన పిల్లలును వంతులు వేసికొనవలెను. అరచేతి యంత ప్రాణిని కాచిన బాలుడు దయను వేరొకచోట నేర్చుకొన బనిలేదు.