తుపాకి రాముని గప్పాలు, మెట్ల మీది పియానో

మన పల్లెల లఘుచిత్రములను గురించి ఒక ఆక్షేపణ తరచుగా వినవచ్చుచున్నది: అందలి హాస్యమంతయు పాతదేనట. అరుగు మీది అవ్వ మనుమని గదుముట, అత్తవారింట అల్లుడు కోడికూరకు కక్కుర్తిపడుట, అప్పులవాడు వాకిట నిలువగా ఇంటివాడు గడ్డివాము చాటున దాగుట, ఇవే మరల మరల వచ్చుచున్నవట. ఈ మాటలో సత్యము లేకపోలేదు. కాని దీనిని దోషముగా నెంచువారు హాస్యము ఏ దారిన నడచి వచ్చినదో మరచుచున్నారని నా దృఢమైన నమ్మకము.

చలనచిత్రము బుడిబుడి నడకలు నేర్చిన 1895వ సంవత్సరముననే లూమియేర్ సోదరులు ఒక తోటమాలి కథను తెర మీద చూపిరి. మాలి గొట్టముతో నీరు పట్టుచుండగా కొంటె పిల్లవాడొకడు వెనుకనుండి వచ్చి గొట్టమును తొక్కిపట్టును. నీరేల ఆగెనో యని మాలి గొట్టపు మూతిలోనికి తొంగిచూచునంతలో వాడు కాలెత్తును. తెర మీది తొలి హాస్యములలో ఒకటిగా చరిత్రకెక్కిన ఈ చమత్కారము సైతము అంతకు ముందే బొమ్మల పత్రికలలో అచ్చయి జనులను నవ్వించినదే.

హాస్యనటులైన లారెల్, హార్డీల సంగతి చూడుడు. 1927లో వారు ‘హ్యాట్స్ ఆఫ్’ అను మూకచిత్రములో బట్టలుతుకు యంత్రమును ఎడతెగని మెట్ల మీదికి మోసిరి. ఆ చిత్రపు ప్రతి ఒక్కటియు నేడు దొరకుట లేదు. 1932లో లాస్ ఏంజెలీస్ నగరమందలి అవే మెట్ల మీద, ఈసారి పియానోను మోయుచు ‘ది మ్యూజిక్ బాక్స్’ తీసిరి; లఘు హాస్యచిత్రమునకు ఇచ్చిన తొలి ఆస్కారు దానికే దక్కినది. మెట్లు అవే, మనుషులు వారే, అవస్థయు అదే. కాని ఆ అయిదేండ్లలో తెరకు శబ్దము వచ్చినది. పెట్టె జారి దొర్లిన ప్రతిసారియు లోపలి తీగెలు వాపోవును, ఆ రోదనము వినుచు హార్డీ మన వంక చూచు చూపులో నవ్వంతయు నున్నది. పాత చమత్కారమును చేపట్టి, కొత్తగా లభించిన సాధనముతో దాని లోతును కనుగొనుటయన నిట్టిది.

దీనికి విరుద్ధమైన గతియు నొకటి కలదు. 1934 మొదలు కొలంబియా సంస్థకు లఘుచిత్రములలో నటించిన ‘త్రీ స్టూజెస్’ బృందమునకు కాలక్రమమున ఖర్చులు కుదించివేసిరి. పాత చిత్రముల ముక్కలనే కోసి కొత్తవాటిలో అతికిరి. వారిలో ఒకడైన షెంప్ 1955 నవంబరులో మరణించెను. అయినను మరుసటి యేట అతని పేరిట నాలుగు చిత్రములు వెలువడినవి: పాత ముక్కలలో అతని ముఖము, కొత్త ముక్కలలో మరియొకని వీపు. అవి చూచినప్పుడు నాకు నవ్వు రాదు, దుఃఖము వచ్చును.

తొమ్మిదవ శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు ఆనందవర్ధనుడు కవుల భావసామ్యమును మూడు తెగలుగా విభజించెను: అద్దములోని ప్రతిబింబము వంటిది, చిత్తరువు వంటిది, ఒకరినొకరు పోలిన ఇద్దరు మనుషుల వంటిది. మొదటి రెండింటిని విడువుమనెను. మూడవదానికి తన ప్రాణము తనకుండును గనుక అది గ్రాహ్యమనెను. 1956 నాటి ఆ నాలుగు చిత్రములు ప్రతిబింబములు. మెట్ల మీది పియానో ప్రాణము గలది.

ఈ కొలతతోనే మన కరీంనగరు, ఆదిలాబాదు సీమలను చూడవలెను. పిట్టల దొర యనియు, లత్కోరు సాబనియు పిలువబడు తుపాకి రాముని చూడనివారు ఈ ప్రాంతపు పెద్దలలో అరుదు. మాసిన ఖాకీ కోటు, దొరల టోపీ, రొమ్మున బిళ్ళలు, భుజమున కట్టె తుపాకి. లేని భూములను ఇనాములిచ్చును, లేని మేడలకు ఆహ్వానించును, చేటెడు వడ్లు పోసిన యిల్లాలికి రాజ్యము రాసియిచ్చును. ఆ గప్పాలు తాతలు విన్నవే; తరువాతి మాట ఏమిటో వాకిట చేరిన పిల్లలకును తెలుసును. తెలిసియే ఎదురుచూతురు. అతడు మాటకు ముందు ఎంతసేపు ఆగునో, ఏ కరణము గుమ్మము ముందు గొంతు పెంచునో, ఎవరిని చూచి సలాము కొట్టునో, కళ యంతయు అందుండును. గడీలలో దొరలు నిజముగా ఏలిన దినములలో ఈ వేషమును చూచి నవ్విన నవ్వు ఒకటి. 1978లో దొరలకు ఎదురుగా రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర నడచిన పిమ్మట, గడీలు పాడుపడిన పిమ్మట, అదే వేషమును చూచి నవ్విన నవ్వు వేరొకటి. మాట మారలేదు, వినువారి వెన్ను నిటారైనది.

కొండగట్టు అంజన్న వెలసిన మల్యాల మండలముననే లంబాడిపల్లి యున్నది. ఆ యూరినుండి శ్రీరాం శ్రీకాంత్ 2012లో ప్రారంభించిన ‘మై విలేజ్ షో’ యను యూట్యూబు ఛానెలులో, వ్యవసాయపు కూలికి పోయి బ్రతికిన గంగవ్వ నటియై, 2019లో ‘మల్లేశం’ చిత్రము వరకును, మరుసటి యేట బిగ్‌బాస్ ఇంటి వరకును వెళ్ళినది. ఆమె గదుముటలో కథగా కొత్తదనము అత్యల్పము. అయినను ఆ తిట్టులోని ప్రేమయు, మాట విరుపును, జగిత్యాల యాసయు మరియొకరికి అరువు దొరకవు. ఆమెను పాతదని తోసిపుచ్చుట అన్యాయము.

నా ఆవేదన మరియొక చోట నున్నది. నేడు చేతి ఫోనులలో వచ్చు రీళ్ళలో పెక్కింట యువకులు మరియొకని గొంతును పెట్టుకొని పెదవులు మాత్రము కదుపుచున్నారు. ఎక్కడిదో సినిమా సంభాషణము, ఎవరిదో నవ్వు. మన యువకునిది వీపు మాత్రమే. పాతదైనందుకు కాదు, శ్రమ లేనందుకు దానిని నేను నిరాకరించుచున్నాను. సొంత యూరి వాకిట తరతరములుగా పండిన హాస్యపు గాదె యుండగా వారు ఎరువునకు పోవుట నాకు మిక్కిలి బాధాకరముగా నున్నది.

వరంగల్లులోని తెలుగు విశ్వవిద్యాలయపు జానపద గిరిజన విజ్ఞానపీఠము వారు ఒక పని చేయవలెను. ఒకే గప్పాన్ని ముగ్గురు తుపాకి రాములచేత మూడు ఊళ్ళ వాకిళ్ళలో చెప్పించి, కోత లేకుండ చిత్రించి, వేషధారుల పేర్లు తెర మీద వేసి, వారికి తగిన కూలి చెల్లించి, అందరికిని ఉచితముగా అందుబాటులో నుంచవలెను. లంబాడిపల్లి మొదలు ఆసిఫాబాదు వరకు కెమెరా పట్టిన పిల్లలు ఆ మూడింటిని పక్కపక్కన పెట్టి, ఎవరు ఎక్కడ ఆగిరో చూచి నేర్చుకొందురు. ఆ వేషము కట్టువారు ఏటేట తగ్గుచున్నారు గనుక, వచ్చు కోతల కాలమునకే ఇది మొదలు కావలెను.