చెప్పులకు చలానా లేదు

చెప్పులతో బండి నడిపితే వెయ్యి రూపాయల జరిమానా అట! 2019 నుంచి ఈ మాట చావడం లేదు. వాట్సాప్ గ్రూపుల్లో ఏడాదికోసారి కొత్త చట్టంలా తిరుగుతుంది, చదువుకున్నవాళ్లూ నమ్ముతారు. ఇది పచ్చి అబద్ధం. మోటారు వాహనాల సవరణ చట్టం 2019 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చింది. ఆ నెలలోనే పుకారు ఎంత ముదిరిందంటే, చెప్పులకు, లుంగీకి, పొట్టి చేతుల చొక్కాకు చలానా లేదని 25వ తేదీన కేంద్ర మంత్రి గడ్కరీ కార్యాలయమే ట్విటర్‌లో చెప్పాల్సి వచ్చింది.

"అబద్ధమైతే ఏం? ఆ భయంతోనైనా జనం బూట్లు వేసుకుంటారు కదా" అనేవాళ్లు చాలామంది. నా పేచీ వీళ్లతోనే. ఆ భయం ఎవరి మీద పడుతుంది? తెల్లారకముందే క్యాన్లు కట్టుకుని హవాయి చెప్పులతో బయల్దేరే పాలవాడి మీద, పనికి పోయే తాపీ మేస్త్రి మీద. మాల వేసుకుని మండలం రోజులు చెప్పే ముట్టని అయ్యప్ప స్వాములను ఏం చేద్దాం? లేని సెక్షన్ పేరు చెప్పి ఎవరైనా దారికాచి డబ్బు గుంజితే, ఆ పేదవాడికి దిక్కెవరు?

అంతకన్నా పెద్ద నష్టం, నిజంగా ఉన్న చట్టానికి. హెల్మెట్ తప్పనిసరని మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ చెబుతోంది. పెట్టుకోకపోతే 194డి కింద వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సుకు అనర్హత. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, అందులో 50,029 మంది హెల్మెట్ లేనివాళ్లని కేంద్ర రవాణా శాఖ లెక్క. చెప్పుల చట్టం ఉత్తదేనని తెలిసినవాడు హెల్మెట్ చట్టాన్నీ అదే గాటన కడతాడు.

చెప్పులతో ప్రమాదమే లేదని నేననను. వెనక పట్టీ లేని చెప్పు మడమ దగ్గర వదులుగా వేలాడుతుంది. వానలో తడిసి, అడుగు అరిగితే మరీ ఘోరం. గేరు బండి మీద గబుక్కున బ్రేక్ తొక్కబోతే చెప్పు ముందు అంచు పెడల్ కింద మడతపడుతుంది, పాదం జారుతుంది. కారులో విప్పి కాళ్ల దగ్గరే వదిలేసిన చెప్పుల జత ఇంకా ప్రమాదం. ఒక్క కుదుపుకు ముందుకు జరిగి బ్రేక్ పెడల్ కింద చేరితే, ఎంత తొక్కినా పెడల్ పూర్తిగా దిగదు. విప్పేవాళ్లు వాటిని వెనక సీటు కింద పెట్టాలి. ఎత్తు మడమల చెప్పులతోనూ పెడల్ మీద పాదం అదుపు తప్పుతుంది. వీటికి విరుగుడు ఖరీదైన బూటు కానక్కర్లేదు, మడమను పట్టి ఉంచే పట్టీ ఉన్న శాండల్ చాలు.

బ్రిటన్ హైవే కోడ్‌లో 97వ నియమం చూడండి. దుస్తులైనా పాదరక్షలైనా బండిని సరిగ్గా అదుపు చేయడానికి అడ్డు రాకూడదంటుంది. చెప్పులని పేరుపెట్టి నిషేధించలేదు. ఆ మాటే మన డ్రైవింగ్ స్కూళ్లు మొదటిరోజే చెప్పాలి.

ఇకమీదట ఎవరైనా ఈ కబురు పంపితే ఊరుకోకండి. ఏ చట్టం, ఏ సెక్షన్ అని నిలదీయండి. రోడ్డు మీద ఎవరైనా ఆపి చెప్పులకు డబ్బు అడిగినా ఇదే ప్రశ్న వేయండి, పైసా ఇవ్వకండి.