గుండె మారిన కోడలిని ‘విశేషమా’ అని అడిగేముందు

సాగర్ రోడ్డు మీద యాచారం, ఇబ్రహీంపట్నం నుంచి హైదరాబాద్ వచ్చేవాళ్లలో చాలామంది దిగేది ఎల్బీనగర్‌లోనే. 2025 జనవరి 17 రాత్రి అక్కడి కామినేని ఆసుపత్రి నుంచి లక్డీకాపూల్‌లోని గ్లెనీగల్స్ గ్లోబల్ ఆసుపత్రికి ఒక గుండె మెట్రో రైలెక్కి వెళ్లింది. 13 కిలోమీటర్లు, 13 స్టేషన్లు, 13 నిమిషాలు. 2021లో మరో గుండె నాగోలు నుంచి జూబ్లీహిల్స్‌కు వెళ్లిందీ అలాగే. గుండె ఎలా చేరిందో ఊరూరా చెప్పుకున్నారు. అలా చేరిన గుండె పాతికేళ్ల ఆడపిల్లకు అమరితే ఆమె పెళ్లి, పిల్లల సంగతేమిటన్నది మాత్రం ఎవరికీ పట్టదు.

మారిన గుండెతో తల్లి కావడం కొత్తేమీ కాదు. అమెరికాలో బెట్సీ స్నీత్ 1984 సెప్టెంబర్‌లోనే ఆడబిడ్డను కన్నది. మన దేశంలో తొలి గుండె మార్పిడి జరిగింది ఆ తర్వాత పదేళ్లకు, 1994 ఆగస్టు 3న. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఆ ఆపరేషన్ చేసిన డాక్టర్ పి. వేణుగోపాల్ పుట్టింది మన రాజమండ్రిలోనే. కాబట్టి ‘గుండె మార్చారు, ఇక పిల్లల ఊసెత్తకు’ అనడం తప్పు. ‘గుండె బాగైందిగా, ఇంకా ఆలస్యమెందుకు’ అనడం అంతకన్నా పెద్ద తప్పు. మన ఇళ్లలో ఎక్కువగా వినపడేది ఈ రెండో మాటే.

ఆపరేషన్ తర్వాత కనీసం ఏడాది ఆగమంటారు వైద్యులు. కొత్త గుండెను పరాయిదనుకుని శరీరం దాడిచేసే ముప్పు, అంటే రిజెక్షన్, మొదటి ఏడాదిలోనే ఎక్కువ. ఏడాది గడిచాక కూడా ముందుగా మార్చాల్సింది మందులు. రిజెక్షన్‌ను ఆపడానికి వాడే మైకోఫెనొలేట్ వల్ల గర్భం పోవచ్చు, బిడ్డకు చెవులు సరిగా ఏర్పడకపోవచ్చు, గ్రహణం మొర్రి రావచ్చు. గ్రహణం నాడు గర్భిణిని గడప దాటనివ్వని పెద్దలకు ఈ మాత్ర సంగతి ఎవరూ చెప్పరు. గర్భానికి కనీసం ఆరు వారాల ముందే దాన్ని ఆపి, డాక్టరు వేరే మందుకు మార్చాలి. నెల తప్పిందని తెలిశాక పరుగెత్తితే అప్పటికే ఆలస్యం.

దీనికి తలకిందులైన ప్రమాదం ఇంకోటి ఉంది. కడుపుతో ఉన్నప్పుడు మాత్రలు వేసుకుంటే బిడ్డకు పడదన్న నమ్మకంతో ఆమె అన్నీ ఒక్కసారిగా మానేస్తే? రిజెక్షన్ మొదలై తల్లీబిడ్డా ఇద్దరూ పోవచ్చు. నిజానికి రిజెక్షన్‌ను ఆపే టాక్రోలిమస్ లాంటి మందు గర్భిణి రక్తంలో పలచబడుతుంది. తరచూ పరీక్ష చేయించి మోతాదు పెంచాల్సి వస్తుంది, అంతేగానీ మానకూడదు.

ఊళ్లో అసలు చిక్కు ఇక్కడుంది. ఆయాసం, నీరసం, కాళ్ల వాపు ఏ గర్భిణికైనా వచ్చేవే. ‘నీరు పట్టింది, ఉప్పు తగ్గించు’ అంటారు. మారిన గుండె మొరాయిస్తున్నా కనిపించేది అవే లక్షణాలు. పైగా మార్పిడిలో నరాలు తెగిపోతాయి కాబట్టి ఆ గుండెకు ఇబ్బంది వచ్చినా చాలామందికి ఛాతీలో నొప్పి తెలియదు. ఒళ్లునొప్పులని ఆర్ఎంపీ దగ్గరికి వెళితే ఆయన పొడిచే డైక్లోఫెనాక్ సూది, అప్పటికే టాక్రోలిమస్‌తో నలుగుతున్న కిడ్నీల మీద ఇంకో దెబ్బ. పుల్లగా తినాలనిపించి పంపరపనస తిన్నా ఆ మందు రక్తంలో మోతాదు మించిపోవచ్చు.

పిల్లలు వద్దనుకున్నప్పటి మాటేమిటి? 2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నం ప్రభుత్వాసుపత్రిలో 34 మంది మహిళలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేస్తే నలుగురు చనిపోయారు. ఇన్ఫెక్షనే కారణమన్నారు. వాళ్లంతా రోగాల్లేని మనుషులు. రోగనిరోధక శక్తిని మందులతో అణచిపెట్టుకుని బతికే స్త్రీని అలాంటి క్యాంపులో వరుసలో పడుకోబెట్టడం ఊహించలేం. ఆమె భర్త చేయించుకునే వేసెక్టమీ కొన్ని నిమిషాల పని. ఆ మాట ఎత్తగానే మన మగవాళ్లు ఎందుకు బిగుసుకుపోతారో వాళ్లే చెప్పాలి.

మింగుడుపడని మాట ఇంకొకటుంది. ప్రపంచ లెక్కల్లో గుండె మార్పిడి చేయించుకున్నవారిలో సగం మందే పన్నెండేళ్లకు పైగా బతుకుతున్నారు. రక్తనాళాలు సన్నబడటం, కిడ్నీలు దెబ్బతినడం, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ సహా కొన్ని క్యాన్సర్ల ముప్పు పెరగడం వెంటే ఉంటాయి. గుండె చెడింది వంశపారంపర్య జబ్బుతో అయితే అది బిడ్డకూ రావచ్చు. తల్లికి ఏమైనా అయితే బిడ్డను ఎవరు పెంచుతారో దంపతులు ముందే కూర్చుని మాట్లాడుకోవాలి. ఇవన్నీ తెలిసి కూడా ఆమె బిడ్డను కనాలనుకుంటే అది ఆమె హక్కు. గర్భం వద్దనుకుంటే దత్తత ఉంది. గర్భం ప్రాణాంతకమైన స్త్రీకి 2021 సరోగసీ చట్టం కూడా ఒక దారి చూపుతోంది.

అవయవాల కోసం ఎదురుచూసేవాళ్ల జాబితా ఉండే జీవన్‌దాన్ పథకం నడిచేది హైదరాబాద్‌లోని నిమ్స్ ఆసుపత్రి నుంచే. గుండె కోసం యువతి పేరు ఆ జాబితాలో రాసే రోజునే పిల్లల ప్రస్తావన తేవాలి, అత్తామామల ముందు కాకుండా ఆమెతో విడిగా. డిశ్చార్జి కాగితంలో ఏ మందు గర్భానికి పడదో తెలుగులో, పెద్ద అక్షరాల్లో ఉండాలి. దాని నకలు యాచారం పీహెచ్‌సీకి, ఆమె ఊరి ఆశా కార్యకర్తకు చేరాలి. రాత్రి పదింటికి ఆయాసం వస్తే ఏ నంబరుకు ఫోన్ చేయాలో కూడా అందులోనే రాయాలి.