వాకిట్లో నల్ల మరక

బండి గురించి నోరు తెరిస్తే "నీకెందుకు అవన్నీ" అంటారు గానీ, పాత బండి కింద నూనె మరక పడితే ముందు చూసేదెవరు? పొద్దున్నే వాకిలి ఊడ్చి ముగ్గేసే మనమే.

మా ఇంట్లో పాత మారుతీ 800 ఉంది. ఆ కారు తయారీ 2014లోనే ఆగిపోయింది. మరక చూపిస్తే మెకానిక్ తేలిగ్గా చెప్పేశాడు: "పాత బండి అన్నంక కారుతది అమ్మా, నూనె పోసుకుంట తోలాలె." మా వారూ తలూపారు. నాకు మాత్రం ఆ మాట మింగుడుపడలేదు.

మన కుక్కర్ సంగతే చూడండి. గాస్కెట్ గట్టిపడితే పక్కనుంచి ఆవిరి పోతుంది. "పాత కుక్కర్ అంతే, ఇంకో గ్లాసు నీళ్లు పొయ్యి" అంటామా? గాస్కెట్ మారుస్తాం. ఇంజన్‌లోనూ గాస్కెట్లు, రబ్బరు సీళ్లు ఏళ్ల తరబడి వేడికి గట్టిపడి నూనె వదిలేస్తాయి. విజిల్ దారి మూసుకుపోతే ఆవిరి ఇంకో దారి వెతుక్కున్నట్టే, ఇంజన్ గాలి పోయే గొట్టం పూడుకుపోతే లోపలి ఒత్తిడికి సీళ్ల దగ్గర నూనె బయటికొస్తుంది. నూనె మరీ ఎక్కువ పోసినా ఇబ్బందే.

అన్ని చుక్కలూ నూనె కావు. ఏసీ నుంచి పడేవి ఉత్త నీళ్లు. ఇంజన్ ఆయిల్ గోధుమరంగులోనో నల్లగానో ఉండి, వేళ్లకు జిడ్డుగా జారుతుంది. రాత్రి బండి కింద ఓ అట్టముక్క పరిస్తే ఎక్కడ, ఎన్ని చుక్కలు పడుతున్నాయో తెల్లారేసరికి తెలిసిపోతుంది. వారానికోసారి, చదునైన చోట, ఇంజన్ ఆపిన కాసేపటికి డిప్‌స్టిక్ తీసి తుడిచి, మళ్లీ పెట్టి చూడాలి. నూనె రెండు గీతల మధ్య ఉండాలి.

నిజమే, ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య సీల్ పోతే, చిన్న సీల్ కోసం గేర్‌బాక్స్ మొత్తం దింపాలి. కూలి ఎక్కువే. చుక్కో రెండు చుక్కలో అయితే, మట్టం చూసుకుంటూ కొన్నాళ్లు నడపొచ్చు. కానీ అది లెక్క చూసుకుని తీసుకున్న నిర్ణయం కావాలి, "పాతదంతే" అని వదిలేయడం కాకూడదు. వేడి సైలెన్సర్ మీద నూనె పడి కాలిన వాసనో పొగో వస్తే అస్సలు ఆగొద్దు, మంటలంటుకోవచ్చు. ఎర్ర నూనెడబ్బా దీపం వెలిగితే బండి పక్కకు తీసి ఇంజన్ ఆపేయడమే. ఎండాకాలం పిల్లల్ని ఎక్కించుకుని కరీంనగర్ నుంచి నిర్మల్ మీదుగా ఆదిలాబాద్ పోతుంటే, ఘాట్ రోడ్డు మీద ఆ దీపం వెలిగిందనుకోండి! నూనె లేకుండా తిరిగిన ఇంజన్ పట్టేస్తుంది. గాస్కెట్ ఖర్చెక్కడ, ఇంజన్ విప్పే ఖర్చెక్కడ?

ఇంకో మాట. ఆ మరకను సర్ఫ్ వేసి మోరీలోకి కడగకండి. మోరీ నీళ్లు చివరికి ఏ చెరువులోనో వాగులోనో కలిసేవే. రంపపు పొట్టు చల్లి, పీల్చుకున్నాక ఎత్తేయండి.

రేపు ముగ్గేసేముందు మీ బండి కింద ఓసారి చూడండి. మరకుంటే, అది ఎక్కడి నుంచి కారుతోందో చూపించమని మెకానిక్‌ని మీరే అడగండి.