అద్దిల్లే కదా, ఇన్సూరెన్సు ఎందుకంటారా?

బైకుకి ఇన్సూరెన్సు ఎందుకు కడుతున్నారని మనవాళ్ళని అడిగి చూడండి. "పోలీసులు పట్టుకుంటారు" అంటారు. మరి ఇంట్లో సామానుకి? "అద్దిల్లే కదండీ, ఓనరు చూసుకుంటాడు!" ఇక్కడే నాకు ఒళ్ళు మండేది.

ఓనరు పాలసీ చేయించినా అది ఆయన గోడలకి, ఆయన స్లాబుకి. మీ లాప్‌టాప్, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ కాలినా మునిగినా ఆయనకి పోయేదీ లేదు, మీకు వచ్చేదీ లేదు. "మా ఇంట్లో ఏముందిలే" అనేవాళ్ళు ఒక్కసారి కాగితం తీసుకుని గది గదికీ లెక్కేయండి. లక్షల్లో తేలుతుంది.

2020 అక్టోబరులో హైదరాబాదు వరదలకి టోలీచౌకీ నదీమ్ కాలనీలో ఇళ్ళు మునిగాయి. ప్రభుత్వం ప్రకటించిన తక్షణ సాయం ఇంటికి 10,000 రూపాయలు. అది ఏ మూలకి?

"అద్దెకుండేవాళ్ళకి పాలసీ ఎవడిస్తాడు" అనకండి. 2021 ఏప్రిల్ 1 నుంచి బీమా కంపెనీలు అమ్ముతున్న భారత్ గృహ రక్ష పాలసీని సామాను వరకే తీసుకోవచ్చు. అగ్నిప్రమాదం, వరద, తుఫాను, భూకంపం అన్నీ అందులో ఉంటాయి. మెలిక కూడా చెప్తా. మామూలు దొంగతనం అందులో రాదు, దానికి విడిగా తీసుకోవాలి. బంగారానికీ అంతే. బిల్లులు, ఫోటోలు మెయిల్లో దాచుకోండి. బీరువాలో పెడితే సామానుతో పాటే అవీ పోతాయి.

ఆఫీసులో సర్వరుకి బ్యాకప్ లేకపోతే నానా గోల చేస్తాం. సొంత కష్టార్జితాన్ని మాత్రం దేవుడికొదిలేస్తాం. ఇదేం తెలివండీ?