అద్దె దుడ్లు

మన కోలారు జిల్లా తెలుగిళ్ళలో ఆస్తి ఎక్కడుంటుందో అందరికీ తెలుసు. శ్రీనివాసపురం దగ్గర మామిడి తోటలో, చింతామణిలో ఒక సైటులో, అమ్మ మెడలో, చీటీల్లో. బ్యాంకు ఖాతాలో మాత్రం ఉండదు. అందుకే పిల్లకి అమెరికాలో ఎం.ఎస్. సీటొచ్చిన రోజు స్వీట్లు పంచి, వారం తిరక్కుండానే "ఫండ్స్ చూపించాలంట" అని దిగాలు పడతాం.

పోయినేడు మా చిన్నాన్న కూతురికి ఇదే జరిగింది. ఐ-20 ఇవ్వాలంటే మొదటి సంవత్సరం ఫీజుకీ, తిండికీ, ఇంటి బాడుగకీ డబ్బుందని యూనివర్సిటీకి కాగితం చూపాలి. తోట పహణి పంపితే ఒప్పుకోలేదు. అప్పుడొచ్చాడు కన్సల్టెన్సీ ఆయన. "నలభై లక్షలు నెల రోజులు మీ ఖాతాలో పెడతాం సార్. స్టేట్‌మెంట్ తీసుకోండి, మా కమిషన్ ఇచ్చి వాపస్ చేయండి" అన్నాడు. పెద్దలందరూ సరేనన్నారు. మేము, అంటే ముప్పై దాటిన అన్నదమ్ములం, అక్కచెల్లెళ్ళం, వద్దన్నాం. పెద్ద గొడవైంది.

చిన్నాన్న వాదన తీసిపారేసేది కాదు. "మనకి ఆస్తి లేదా? ఉంది. రూపం వేరే, అంతే. ఇందులో అబద్ధమెక్కడ?" అన్నాడు. నిజమే, ఆ మంట మాకూ ఉంది. 2002 నాటి సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు. అప్పు తీరకపోతే బ్యాంకు ఆ దారిలో తోటని వేలం వేయలేదు, అందుకే చదువు లోనుకి తోట తాకట్టంటే చాలా బ్యాంకులు మొహం తిప్పేస్తాయి. తాతలు తవ్విన బావికి లెక్క లేదు, బెంగళూరులో రెండు గదుల ఫ్లాటుకి మాత్రం ఉంది.

కానీ ఆ కాగితం అడిగేది మీకు ఆస్తి ఉందా అని కాదు. జనవరిలో రెండో సెమిస్టర్ ఫీజు ఎవరు కడతారు అని. అప్పటికి అద్దె దుడ్లు ఎవరి ఖాతాకి పోయుంటాయో! మాది టెస్టింగ్ ఉద్యోగం. టెస్టు కోసమే పెట్టిన డేటాతో అన్నీ పాసవుతాయి, లైవ్‌కి పోయిన రోజే కూలిపోతాయి.

"అక్కడ పార్ట్‌టైం చేసి కట్టుకుంటుంది" అని పెద్దత్త. ఎఫ్-1 వీసా మీద క్లాసులు నడిచేటప్పుడు వారానికి 20 గంటలే, అదీ క్యాంపస్ లోపలే. మొదటి ఏడాది బయట పని చేయకూడదు. ఆ జీతంతో తిండి గడిస్తే గొప్ప.

నిబంధన పెట్టినవాళ్ళనీ వదలం. బ్రిటన్ డబ్బు వరసగా 28 రోజులు ఖాతాలో ఉండాలంటుంది, మరి అద్దెకిచ్చేవాళ్ళు సరిగ్గా 28 రోజులకే ఇస్తారు. జర్మనీ 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్లో వేయించి, పిల్లలకే నెలకి 992 చొప్పున వదులుతుంది. కష్టమే, కానీ ఆ డబ్బు పిల్ల తింటుంది.

"అందరూ చేసేదే కదప్పా" అనే మాటకి మా జవాబు ఒకటే. వీసా ఫారం మీద సంతకం పిల్లది, కన్సల్టెన్సీ ఆయనది కాదు. మోసమని తేలితే బ్రిటన్‌లో పదేళ్ళ దాకా నిషేధం పడొచ్చు. అమెరికాలో ఆ మచ్చ జన్మంతా వెంటాడొచ్చు. కమిషన్ తిన్నాయన మాత్రం ఇంకో ఇంటి తలుపు తడతాడు.

చివరికి చింతామణి సైటు తాకట్టు పెట్టి లోను తీశాం. కాగితాలు తేలేసరికి ఆగస్టు దాటిపోయింది, సీటు జనవరికి మార్పించుకున్నాం. ఒక సెమిస్టర్ పోయింది, దానికి కారణం మేమే. ఇంట్లో తొమ్మిదో తరగతి పిల్లలు ఇంకా ఇద్దరున్నారు, వాళ్ళ పేర్న ఇప్పుడే ఖాతా తెరవమని అందరినీ వేధిస్తున్నాం. చిన్నాన్న ఈ మధ్యే మళ్ళీ మాతో మాట్లాడుతున్నాడు, ఈఎంఐ తేదీ వచ్చినప్పుడు మాత్రం మాట్లాడడు.