తూకపు మాటకు తప్పుడు తూనిక

ఎన్నికల కాలము వచ్చినదన్న మన పత్రికలలో ఒక మాట విరివిగా కానవచ్చును. ఫలానా నాయకుడు ‘హెవీవెయిటు’. ఆయనకు ఎదురు నిలిచినవాడు ‘లైట్‌వెయిటు’. మొదటిది పొగడ్త, రెండవది తెగడ్త. ఈ వాడుక తప్పనియు, అంతకు మించి అన్యాయమనియు మా దృఢాభిప్రాయము.

ఈ మాటలు ముష్టియుద్ధమునుండి, అనగా బాక్సింగునుండి వచ్చినవి. అచ్చట అవి యోగ్యతను చాటు బిరుదులు కావు. త్రాసు చూపెడి హద్దులు. స్థూలకాయుని ఎదుట బక్కపలుచనివానిని నిలిపి, వాడు ఓడినంతనే అసమర్థుడనుట న్యాయము కాదు గదా! అందులకే తరగతులు. 1909లో లండనులోని నేషనల్ స్పోర్టింగ్ క్లబ్బువారు ఎనిమిది తరగతులకు హద్దులు స్థిరపరచిరి. ఏ తరగతి విజేత ఆ తరగతికి రాజే.

బాంటమ్‌వెయిటునే చూడుడు. వృత్తిక్రీడలో దీని హద్దు 118 పౌనులు, అనగా సుమారు 53.5 కిలోగ్రాములు. జావా ద్వీపమున బాంటమ్ అను రేవుపట్టణము ఉండెడిది. 17వ శతాబ్దిలో మన మచిలీపట్నపు రేవునుండి బట్టలు ఓడలెక్కి అచ్చటికి పోయి మిరియములకు మారకమయ్యెడివి. ఆ రేవు పేరు ఒక పొట్టిజాతి కోడికిని, కోడి పేరు తేలికయగు యోధునికిని సంక్రమించినది. ఆ పుంజు చిన్నది; కాని పెద్దపుంజును చూచి వెనుదీయదు. 1914లో ఐదడుగుల మూడంగుళముల ఎత్తు లేదని బ్రిటిషు సైన్యము త్రోసిపుచ్చిన వారితో ప్రత్యేక దళములను కూర్చినపుడు, వానికిని బాంటమ్ దళములనియే పేరిడిరి. ఆ పొట్టివారును యుద్ధరంగమున ప్రాణములొడ్డినవారే.

1960 దశకమున ఈ తరగతిలో విశ్వవిజేతయైన బ్రెజిలు యోధుడు ఎడెర్ జోఫ్రే తన వృత్తిజీవితమంతటిలో జపాను యోధుడు హరాదా ఒక్కనికే ఓడినాడు. మన అఖిల్ కుమార్ 2006లో మెల్బోర్ను కామన్వెల్తు క్రీడలలో ఈ తరగతి స్వర్ణమును గెలిచెను. నిజామాబాదు బిడ్డ నిఖత్ జరీన్ 2022లో ఇంకను తేలికయైన ఫ్లైవెయిటులో, అనగా ఈగ పేరిటి తరగతిలో, ప్రపంచ స్వర్ణమును తెచ్చినది. మన పత్రికల నిఘంటువు ప్రకారము వీరందరును అల్పులే కావలెను!

‘గౌరవము’ అను మాటయు గురుశబ్దమునుండి పుట్టినదే కదా, బరువును పొగడుట మన భాషలోను ఉన్నదే కదా యని కొందరు వాదింపవచ్చును. నిజమే. కాని ఆ గురువు ప్రక్కనే లఘువును నిలిపినది మన ఛందస్సు. లఘువు ఉండవలసిన చోట గురువు వచ్చి కూర్చున్నచో పద్యము ఘనమగునా? గణము చెడును.

ఆంగ్లపదములను వెలివేయుడని మేము కోరుట లేదు. అరువు తెచ్చుకొన్న మాటను సగమే తెచ్చుకొనరాదనుచున్నాము. త్రాసును అచ్చటనే విడిచి, బరువును మాత్రము మోసికొని వచ్చుటచేతనే ఈ అనర్థము. పలుకుబడి గల నాయకుని పలుకుబడి గలవాడనియే వ్రాయుడు. ధనబలమే గలవానిని ధనబలము గలవాడనుటకు జంకనేల?

తరతరములుగా అన్యభాషల నడుమ కొద్దిమందిగా బ్రతుకుచున్న మనకు ఈ భేదము ఇతరులకన్న బాగుగ తెలియవలెను. లెక్కకు తక్కువైనంత మాత్రమున విలువకు తక్కువ కానక్కరలేదు. తేలికతనమును తిట్టుగా వాడు మాట మన పిల్లల నోట నాటుకొనకముందే, దానిని మన ఇండ్లనుండి, మన కలములనుండి తొలగింతము.